అవతలి ఒడ్డు గొప్పలు

ఆ ఏడు మార్చి నెలంతా మా ఇంట్లో రెండే చప్పుళ్ళు. ఒకటి, పాకం కాచడానికి మేపుల్ చెట్లకు తగిలించిన డబ్బాల్లో రసం బొట్టుబొట్టుగా పడే చప్పుడు. రెండోది, నది అవతల బతుకు ఎంత బాగుంటుందో మా ఆయన చెప్పే చప్పుడు. మొదటిది రాత్రయితే చలికి గడ్డకట్టి ఆగేది. రెండోదానికి ఆ మర్యాద కూడా లేదు.

"అక్కడ సరుకుల మీద పన్ను లేదు వెర్నా. జీతం మీదా లేదు." కాఫీ కప్పు ఇంకా బల్ల మీద పెట్టకముందే మొదలెట్టేవాడు ఆల్డెన్. "కారులో బెల్టు పెట్టుకోమని కూడా ఎవడూ అడగడు."

"బెల్టు లేకుండా చావడానికి ఇల్లు మారాలా?"

"మాటకి అన్నానులే."

"మరి ఇంటి మీద పన్నో?"

"అదా... అది కాస్త ఎక్కువే. కానీ మొత్తం లెక్కేసి చూస్తే..."

మొత్తం లెక్క ఏనాడూ పూర్తయ్యేది కాదు. మధ్యలో కాఫీ చల్లారిపోయేది, ఆయన లేచి చెట్ల దగ్గరికి పోయేవాడు.

మాది వెర్మాంట్, నదికి పడమటి ఒడ్డు. తూర్పు ఒడ్డు న్యూ హాంప్‌షైర్. మధ్యలో ఆకుపచ్చ రంగు వేసిన ఒక ఇనుప వంతెన. ఎప్పటిదో కోర్టు తీర్పు ప్రకారం నది మొత్తం వాళ్ళదే, ఇటువైపు నీటి అంచు దాకా. మా ఒడ్డున నిలబడి చెప్పు తడుపుకుంటే పక్క రాష్ట్రం వెళ్ళొచ్చినట్టే. ఇంత దగ్గర ఉన్న రెండు చోట్ల మధ్య ఇంత తేడా ఎలా ఉంటుందో నాకు అర్థమయ్యేది కాదు. అదే బురద, అదే నల్లీగలు, అదే చలి.

ఆల్డెన్‌కి ఈ పిచ్చి ఎక్కించింది తమ్ముడు రాయిస్. భార్య విడాకులిచ్చి వెళ్ళిపోయాక రాయిస్ అవతలి ఒడ్డున రంపపు మిల్లులో పని చూసుకుని, ఇనప సామాన్ల కొట్టు పైన ఒక వాటాలో దిగాడు. ప్రతి ఆదివారం వంతెన దాటి మా ఇంటికొచ్చి, నేను వండింది తింటూ, వాళ్ళ రాష్ట్రం గొప్పలు చెప్పేవాడు.

"ఉల్లి తొక్క ఎరువుకుప్పలో కాక చెత్తబుట్టలో వేస్తే నేరమట మీ రాష్ట్రంలో! తొక్కకి కూడా చట్టమేంటి వదినా?"

"నువ్వు తిని పడేసే తొక్కలు తీసేది నేను. నీకేం కష్టం?"

"నా కష్టం కాదు, సూత్రం." ఇంకో బంగాళాదుంప వడ్డించుకునేవాడు. "మా దగ్గర మనిషిని మనిషిలా వదిలేస్తారు."

"అందుకేనా ప్రతి ఆదివారం ఇక్కడికొస్తావు?"

వెంటనే అన్న వైపు తిరిగి రోడ్ల సంగతి ఎత్తుకునేవాడు. ఆల్డెన్ తల ఊపుతూ ఉండేవాడు. నాకు చిర్రెత్తుకొచ్చేది, ఎందుకంటే నేను పుట్టింది అవతలి ఒడ్డునే. పెళ్ళయ్యేదాకా అక్కడ, ఆ తర్వాత ముప్పై ఏళ్ళు ఇక్కడ. అక్కడి బతుకూ ఇక్కడి బతుకూ దశాబ్దాలుగా తెలిసినదాన్ని ఆ బల్ల దగ్గర నేనొక్కదాన్నే. ఆ అన్నదమ్ములిద్దరిలో ఒక్కడు కూడా 'నువ్వేమంటావు' అని అడిగిన పాపాన పోలేదు.

మార్చి మొదటి మంగళవారం మా ఊరి సభ. ఊరంతా బడి ఆటల గదిలో మడతకుర్చీల మీద కూర్చుని, ఊరి ఖర్చులన్నీ ఒక్కొక్కటిగా చేతులెత్తి తేల్చుకునే రోజు. మధ్యాహ్నం భోజనాలుంటాయి. ఆ గదిలోకి తెరుచుకునే బడి వంటగది కిటికీ దగ్గర నేను ఆపిల్ కూరి కాల్చిన పై ముక్కలు కోస్తున్నాను. సభ నడిపేది ప్రూడెన్స్ హేల్, మాలో సగం మందికి చదువు చెప్పిన పంతులమ్మ. రోడ్డు చదును చేసే యంత్రం కొత్తది కొనాలా వద్దా అని చర్చ నడుస్తుంటే ఆల్డెన్ లేచాడు.

"అధ్యక్షురాలు గారూ, కొత్త యంత్రం కొన్నా పాతదున్నా మన రోడ్లు మారవండి. మా కొండ మలుపు దగ్గర నిన్న కుక్క దిగబడింది."

రోడ్ల పని చూసే గిల్బర్ట్ ముందు వరసలోంచి వెనక్కి తిరిగాడు. "మంచు కరిగితే బురదవుతుంది ఆల్డెన్. నన్నేం చెయ్యమంటావు, దిగి ఆరబెట్టమంటావా?"

అందరూ నవ్వారు. ఆల్డెన్ ఒంటికాలి మీద లేచాడు.

"అవతల ఒడ్డున తారు రోడ్లు! వాళ్ళకీ ఇదే మంచు, ఇదే ఎండ."

"అయితే అవతలికే పోరాదూ!" అన్నారు వెనకనుంచి ఎవరో.

"పోతున్నా! ఇల్లు బేరం పెట్టాను. నెలాఖరుకి చూసుకోవడానికి మనుషులొస్తున్నారు."

స్వెట్టర్లు అల్లుకుంటున్నవాళ్ళ సూదులు ఆగాయి. ప్రూడెన్స్ ఆల్డెన్ వైపు చూడలేదు, వంటగది కిటికీలోంచి నా వైపు చూసింది. నా చేతిలో కత్తి, కత్తికి అంటుకున్న ఆపిల్ ముక్క. మా ఇల్లు అమ్ముడవుతున్న సంగతి ఊరందరితో పాటే నాకూ తెలిసింది.

"ఇది యంత్రం తీర్మానానికి సంబంధించిన విషయం కాదు," అంది ప్రూడెన్స్. "కూర్చో ఆల్డెన్."

భోజనాల దగ్గర ఆడవాళ్ళు ఒక్కొక్కరే వచ్చారు. ఎప్పుడు వెళ్తున్నారు వెర్నా, ఇల్లు ఎవరు కొంటున్నారు వెర్నా. "అతన్నే అడగండి, నేనూ మీతో పాటే విన్నాను," అని చెప్పి చెప్పి నా నోరు నొప్పెట్టింది. ఆల్డెన్ మాత్రం రెండోసారి ఆపిల్ పై వడ్డించుకున్నాడు.

తిరుగు దారిలో ట్రక్కు ఆ మలుపులోనే ఇరుసు దాకా దిగబడింది.

"చూశావా! చూశావా! ఇదీ మన రోడ్డు!" దిగబడినందుకు అంత సంతోషించిన మనిషిని నేనెక్కడా చూడలేదు.

"నేను రోడ్డు సంగతి అడగడం లేదు. నాతో ఒక్క మాట చెప్పాలనిపించలేదా నీకు?"

"చెబుదామనే అనుకున్నాను. సభలో నోరు జారింది."

"ఇల్లు ఇద్దరి పేరు మీదా ఉంది. నా సంతకం కావాలి."

"కావాలిగా. పెడతావు కదా?"

ఎంత అమాయకంగా అడిగాడంటే, ఉప్పు అందించమన్నట్టు. నేను మొహం పక్కకి తిప్పుకున్నాను. నేను మాట్లాడకపోతే ఒప్పుకున్నట్టని లెక్క కట్టుకోవడం అతనికి ముప్పై ఏళ్ళ అలవాటు. హాయిగా ఈల వేస్తూ కూర్చున్నాడు. నేను అద్దంలోంచి కొండ మీద మా ఇంటి వైపు చూశాను. ఆ వంటింట్లో కిటికీ ఎక్కడ తెరుచుకుంటుందో, ఎక్కడ బిగుసుకుంటుందో నా చేతులకు తెలుసు. ఆ తోటలో రాళ్ళేరి నేల తయారు చేసింది నేను. అక్కడే చచ్చిపోవాలని కూడా లోలోపల నిర్ణయం చేసుకున్నాను. అది ఎవరికీ చెప్పలేదు, చెప్పాల్సి వస్తుందని అనుకోలేదు.

కాసేపటికి గిల్బర్ట్ ట్రాక్టర్ వేసుకొచ్చాడు. సభలో అన్ని మాటలు అనిపించుకున్నవాడు, కిందికి దిగి బురదలో పడుకుని మా బండికి గొలుసు కట్టి లాగాడు. గొలుసు చుట్టుకుంటూ, "నువ్వన్నది నిజమే ఆల్డెన్, ఈ మలుపు మరీ దారుణం. కంకర తోలిస్తాను," అన్నాడు. ఆల్డెన్ ఈల ఆపేశాడు.

తర్వాతి మూడు వారాలూ రసం బాగా పారింది. రాత్రి గడ్డకట్టే చలి, పగలు ఎండ. మేపుల్‌కి అంతకంటే ఏం కావాలి? రసం మరిగించే మా పాకం కొట్టం కప్పులోంచి పొద్దస్తమానం ఆవిరి లేస్తూనే ఉంది. నేను రసం మోశాను, సీసాలు కడిగాను, మూతలు బిగించాను. ఈ పని మళ్ళీ వచ్చే ఏడు ఎవరు చేస్తారని అడగాలని నోటిదాకా వచ్చేది. అడిగితే అవతల మేపుల్ చెట్లు ఎంత లావుంటాయో చెప్తాడని ఊరుకునేదాన్ని.

నెలాఖరు శనివారం వాళ్ళొచ్చారు. న్యూజెర్సీ నుంచి భార్యాభర్తలు, పేర్లు పెట్రా, గ్రాహం. మడమ దాకా మెరుస్తున్న కొత్త రబ్బరు బూట్లు. ఇల్లంతా చూసి, వంటింట్లో నా కిటికీ దగ్గర నిలబడి పెట్రా, "ఇక్కడ గోడ తీసేస్తే వెలుతురు బాగా వస్తుంది," అంది. మంచిదానిలాగే ఉంది పాపం. అయినా ఆ క్షణంలో ఆమెను నెట్టుకుంటూ వంతెన దాకా తీసుకెళ్ళాలనిపించింది.

తర్వాత అందరం పాకం కొట్టంలోకి వెళ్ళాం. రాయిస్ ఆ రోజు సాయానికొచ్చి పొయ్యిలో కట్టెలు ఎగదోస్తున్నాడు. పొయ్యి మీద మా మామగారు చేయించిన పెనం, మంచమంత పొడుగు. అందులో మరిగేకొద్దీ రసం తగ్గుతుంది, తగ్గేకొద్దీ పై తొట్టిలోంచి కొత్త రసం దానంతటదే దిగాలి. దిగే చోట బిరడా ఒకటుంది, అది అప్పుడప్పుడు బిగుసుకుంటుంది. అందుకే పెనం దగ్గరున్నవాడు పెనాన్నే చూడాలి, ఎవరొచ్చినా తల తిప్పకూడదు. ఇది మా మామగారి శాసనం. ఆయన పోయినప్పుడు కూడా ఆ పెనం దగ్గర ఒక మనిషిని కాపలా పెట్టి మరీ అంత్యక్రియలకు వెళ్ళాం.

పొయ్యి తలుపు మూస్తూ రాయిస్ మొదలెట్టాడు. "మీరు ఇక్కడ ఉల్లి తొక్క చెత్తలో వేస్తే నేరం, తెలుసా అమ్మా?"

"అవునా! ఎంత మంచి పద్ధతి!" అంది పెట్రా.

రాయిస్‌కి అది మింగుడుపడలేదు. "రోడ్లు చూశారా? ఇంకో నెల దాకా ఇంతే. ఊళ్ళో కొన్న ప్రతిదానికీ పన్ను. జీతంలో కోత. అదే వంతెన దాటితే..."

"ఒరే రాయిస్, పొయ్యి చూడు," అన్నాడు ఆల్డెన్.

"పొయ్యి బానే ఉందిలే. ప్రతి ఆదివారం నువ్వనే మాటలేగా అన్నయ్యా, వీళ్ళకి తెలియొద్దా?"

గ్రాహం ముఖంలో కొంచెం అనుమానం కనబడింది. వచ్చినవాళ్ళకి మా ఆనవాయితీ ప్రకారం మంచు మీద వేడి పాకం పోసిస్తే, నంజుకోవడానికి ఊరబెట్టిన పుల్ల దోసకాయలు కావాలి కదా అని నేను ఇంట్లోకి వెళ్ళాను. సీసా పట్టుకుని తిరిగొచ్చేసరికి ఆల్డెన్ గొంతు బయటికి వినిపిస్తోంది. గుమ్మంలోనే ఆగిపోయాను.

"రోడ్డు బురదే! ఎవడు కాదన్నాడు? ఆ బురదలో నా బండి దిగబడితే ఎవరొచ్చారు? ఆ పొద్దునే నా చేత తిట్లు తిన్న గిల్బర్ట్! మీ దగ్గర దిగబడితే ఫోన్ చేసి గంటసేపు పాట వినాలి!"

"మా దగ్గర దిగబడదసలు! తారు రోడ్డు!"

"మా పాప పుట్టిన రాత్రి ఏమైంది నీ తారు రోడ్డు? మంచు తుపాను. గిల్బర్ట్ నాన్న మంచు తోసే బండి వేసుకుని వంతెన దాకా మా ముందు దారి చేసుకుంటూ వచ్చాడు."

"వంతెన దాకా! ఆసుపత్రి మాది! పిల్ల పుట్టింది మా రాష్ట్రంలో!"

"వంతెన అవతల మీవాడు ఒక్కడు లేడురా! మోకాలెత్తు మంచు. ఆ పెద్దాయన ఆగలేదు. మీ రాష్ట్రంలోకి దూరి ఆసుపత్రి గుమ్మం దాకా మీ రోడ్డు తోశాడు. ఊరి బండితో పక్క రాష్ట్రం రోడ్డు ఊడ్చాడని తర్వాత చివాట్లు కూడా తిన్నాడు. అవతల అలాంటివాడు ఒక్కడున్నాడేమో చూపించు నాకు! ఒక్కడు!" ఆల్డెన్ తన భుజం చరుచుకున్నాడు. "ఆయన శవపేటిక మోసిన భుజం ఇది."

పెళ్ళయి వెళ్ళిపోయిన మా అమ్మాయి పుట్టిన ఆ రాత్రి గురించి ఆల్డెన్ నోరు విప్పగా నేను చాలా ఏళ్ళుగా వినలేదు. నెల రోజులుగా ఆ నోటి నుంచి తప్పుల పట్టికే విన్నాను. దోసకాయల సీసా గుండెకు హత్తుకుని అలాగే నిలబడిపోయాను. ఏడుపొచ్చింది. అంతకంటే ఎక్కువగా, ఆ సీసా పెట్టి అతని నెత్తిన ఒకటి ఇవ్వాలనిపించింది.

"ఈ వాసన... ఎప్పుడూ ఇలాగే వస్తుందా?" అంది పెట్రా.

అందరం ఒక్కసారే పెనం వైపు తిరిగాం. బిరడా బిగుసుకుపోయింది. పెనంలో రసం లేదు, పాకం లేదు, నల్లటి పొర ఒకటి బుడగలు కడుతోంది. కప్పులోంచి తెల్లటి ఆవిరికి బదులు నల్లటి పొగ లేస్తోంది.

"మంచు! మంచు తే!" ఆల్డెన్ అరుపు. రాయిస్ పారతో మంచు తెచ్చి పొయ్యిలో పోశాడు, నేను రసం బకెట్టు ఎత్తి పెనంలో కుమ్మరించాను. భగ్గుమని ఒక మబ్బు లేచి మమ్మల్నందర్నీ మింగింది. అది విడిపోయాక చూస్తే పెనం అడుగు వంగిపోయింది, అతుకులు రెండు చోట్ల ఊడిపోయాయి. మామగారి కాలం నుంచీ ఎవరి చేతిలోనూ మాడని పెనం ఇద్దరు కొడుకుల చేతిలో మాడింది, ఏ రాష్ట్రం గొప్పదో తేల్చబోయి.

ఇక బేరం పోయినట్టే అనుకున్నాను. పెట్రా కళ్ళు తుడుచుకుంటూ నా చేయి పట్టుకుంది. అవి పొగ వల్ల వచ్చిన నీళ్ళు కావు. "మీవారు ఎంత బాగా చెప్పారండీ. మాకు ఈ ఊరే కావాలి. సోమవారం పొద్దున ఫోన్ చేస్తాం."

వాళ్ళ కారు వెళ్ళాక రాయిస్ కట్టెల దొంతి మీద కూర్చుని ఉన్నాడు, ముఖమంతా మసి. నేను పక్కన కూర్చున్నాను.

"కావాలనే అన్నావు కదూ?"

"ఏమన్నాను? నిజాలేగా."

"రాయిస్."

టోపీ తీసి మోకాలికేసి దులిపాడు. "అన్నయ్య అవతలికొచ్చేస్తే ఆదివారం నేనెక్కడికి రావాలి వదినా? కొట్టు పైన నా వాటా, ఎదురుగా ఇంకేదో వాటాలో మీరిద్దరూ. పాకం ఉండదు, పొయ్యి ఉండదు. ఏం చేస్తాం, ఒకరి మొహాలు ఒకరం చూసుకుంటామా?"

"మరి ఇన్నేళ్ళూ అతన్నెందుకురా ఎగదోశావు?"

"నా మాట వింటాడని ఎవరనుకున్నారు? పుట్టాక ఒక్కటంటే ఒక్కటి విన్నాడా?"

నాకు నవ్వాలో తన్నాలో తెలియలేదు. లోపలికి రమ్మని, మొహం కడుక్కోమని చెప్పాను.

సోమవారం పొద్దున ఆల్డెన్ వెనక వసారాలో మాడిన పెనాన్ని వెనిగర్ పోసి గీకుతున్నాడు. అది బాగుపడేది కాదని అతనికీ తెలుసు. నేను వంటింట్లో గిన్నెలు తోముతున్నాను. తలుపు తెరిచే ఉంది.

"వెర్నా."

"ఊఁ."

"నువ్వేమంటావు?"

"దేని గురించి?" నాకు తెలుసు. కానీ సీజనంతా ఎదురుచూసిన మాట, పూర్తిగా వినాలనిపించింది.

"అదే. ఇక్కడా, అక్కడా."

"నాకు ఇక్కడే ఉండాలనుంది ఆల్డెన్."

గీకుడు ఆగింది. "ఆ మాట ముందే చెప్పొచ్చుగా!"

చేతిలో ఉన్న తడిగుడ్డ వసారాలోకి విసిరాను. అతని చెవికి తగిలింది. "నువ్వు అడిగావా? ఊరి సభకి చెప్పావు, న్యూజెర్సీకి చెప్పావు, నన్ను అడిగావా?"

"నువ్వు పుట్టిన చోటు కదా! వెళ్ళాలని ఉంటుందనుకున్నాను." గుడ్డను భుజం మీద వేసుకున్నాడు. "పెళ్ళయిన కొత్తలో మంచు పడ్డప్పుడల్లా 'మా వైపైతేనా' అని ఏడ్చేదానివి. ఎప్పటికైనా తీసుకెళ్దామనుకున్నాను."

"అప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు! మీ అమ్మ ఈ వంటింట్లో నన్ను గరిటె కూడా ముట్టుకోనిచ్చేది కాదు! మంచుకి ఏడ్చాననుకున్నావా?"

"మరి నాకెలా తెలుస్తుంది?"

నిజంగానే తెలియదు ఆ మనిషికి. ఎప్పుడో అన్న ఒక్క మాట ముప్పై ఏళ్ళు జాగ్రత్తగా దాచుకున్నాడు, అదీ తప్పుగా అర్థం చేసుకుని. ఇలాంటి మనిషి మీద ఎంతసేపని కోపం నిలుపుకుంటాం?

ఫోన్ మోగింది. ఆల్డెన్ తన నల్లటి చేతులు చూపించాడు, నేనే తీయాలన్నట్టు.

"ఏం చెప్పను?"

వంగిన పెనం వైపు, ఆ తర్వాత కొండ మలుపు వైపు చూశాడు. "రోడ్లు బాగోవని చెప్పు."

రోడ్ల సంగతి నేనెత్తలేదు. "అమ్మడం లేదండీ పెట్రా గారూ. మా ఇద్దరికీ ఇష్టం లేదు," అన్నాను. మా ఇద్దరికీ అన్నప్పుడు నా గొంతు కాస్త పెద్దదైంది, వసారాలోకి వినబడాలని.

ఆ వారం మలుపులో కంకర పడింది. ఆదివారం రాయిస్ వచ్చాడు, బండి వెనకాల ఒక పాత పెనం కట్టుకుని. అవతలి ఒడ్డున ఎవరి కొట్టంలోనో దొరికిందట. మొగ్గలు విచ్చి రసం చెడిపోయేలోపు ఇంకో రెండు మూడు వంటలకి రసం పారుతుంది కదా అని ముగ్గురం కలిసి దాన్ని పొయ్యి మీదికెక్కించాం. రసం మరగడం మొదలెట్టింది, ఆవిరి లేచింది. నాకు ప్రాణం కుదుటపడింది.

"పన్ను కట్టకుండా కొన్నాను తెలుసా," అన్నాడు రాయిస్.

"అందుకే రేకు ఇంత పల్చగా ఉంది," అన్నాడు ఆల్డెన్.

"పల్చగా ఉంటే త్వరగా మరుగుతుంది. మా దగ్గర పాకం మీకంటే ముందే దిగుతుంది."

"దిగుతుంది, నీళ్ళలా! రంగు చూశావా మీ పాకం? ఏం వెర్నా, నువ్వు చెప్పు. రెండు చోట్లా బతికినదానివి నువ్వు."

"అవును వదినా, నువ్వే తేల్చు!"

ఇద్దరూ పొయ్యికి వీపు పెట్టి నా వైపు తిరిగి నిలబడ్డారు, తీర్పు కోసం.

"పెనం చూడండి ముందు!" అని అరిచాను.